గల్లాపెట్టె ముందు అనకూడని మాట

లక్ష్మీపూర్ సంతవీధిలో పెద్దబ్బాయి అంటే యాభై తొమ్మిదేళ్ల మనిషి. పేరు పెట్టిన రోజున ఎవరూ అంత దూరం ఆలోచించినట్టు లేదు. తల నెరిసింది, మోకాళ్లు అరిగాయి, కళ్లజోడు రెండుసార్లు మారింది, అయినా ఊళ్లో అందరికీ ఆయన పెద్దబ్బాయే. తాతగారు సాలూరు ఘాటీ మీదుగా ఉప్పుబస్తాలు ఎక్కించుకొచ్చి ఈ ఒరియా కొండల్లో కొట్టు పెట్టారు. ఆ కొట్లో ఇప్పుడు చింతపండు, పిప్పళ్లు, కొండచీపుర్లు, అడ్డాకులు, సబ్బులు, గొడుగులు, సెల్‌ఫోన్ చార్జర్లు, దేవుడి పటాలు అన్నీ దొరుకుతాయి. దొరకనివి కూడా దొరుకుతాయనే చెబుతారు.

అక్కడే ఉంది అసలు సంగతి. తండ్రి పోతూ పోతూ పెద్దబ్బాయికి ఒక కొట్టూ, ఒక తక్కెడా, ఒక నిషేధమూ ఇచ్చి పోయాడు. గల్లాపెట్టె ముందు కూర్చున్నాక 'లేదు' అనకూడదు. అంటే లక్ష్మి వింటుందట, విని 'సరే, లేదంటున్నాడుగా' అని లేచి వెళ్లిపోతుందట. అందుకని బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనాలి. సరుకు రాకపోతే 'రేపొస్తాది' అనాలి. ఒరియావాళ్లు అడిగితే 'కాలి ఆసిబొ' అని అదే రేపుని వాళ్ల భాషలో ఇవ్వాలి. ఇందులో వింతేమీ లేదు, ఈ మర్యాద పాటించే షావుకార్లు చాలామందే ఉన్నారు. మన పెద్దబ్బాయి మాత్రం సరుకుతో ఆగలేదు.

"ఈ కందిపప్పు ఉడుకుతుందా?" అని అడిగితే, "సూద్దాం, వండి సూడండి" అంటాడు. "ఈ గొడుగు పొట్టంగి కొండగాలికి ఆగుతుందా?" అంటే, "సూద్దాం, పట్టి సూడండి." అది అబద్ధం కాదు. నిజమా అంటే, అదీ కాదు. ముప్పయ్యేళ్ల వ్యాపారంలో పెద్దబ్బాయి ఒక్క అబద్ధం ఆడలేదని ఊరంతా చెప్పుకుంటుంది. ఆడే అవసరం రానిస్తే కదా!

ఆ మాట అందరికంటే గట్టిగా నమ్మిన మనిషి ఆయన చెల్లెలు బుల్లి. భర్త పోయాక పదేళ్లనుంచి అన్న పంచనే ఉంటోంది. ఉంటోంది అంటే ఊరికే కూర్చుని కాదు, కొట్లో గల్లాపెట్టెకి ఎడమపక్క చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని పొద్దుటినుంచి చీకటి పడేదాకా పొట్లాలు కడుతుంది. గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి అన్న మాట తప్పితే వంశం నిలవదని తండ్రి చెప్పిన రోజున ఆవిడ కూడా అక్కడే ఉంది, అప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల. నలభై ఆరేళ్లొచ్చినా ఆ పిల్లకి అనుమానం రాలేదు. అన్నియ్య ఇంట్లో ఏమన్నా అంటాడు, కోపంలో అంటాడు, నిద్రలో అంటాడు, కొట్లో అన్నది మాత్రం రాతి మీద గీతేనని ఆవిడ లెక్క.

ఇక నూనె సంగతి. పొట్టంగి వైపు కొండల మీద నిమ్మగడ్డి వేస్తారు. ఆడవాళ్లు కోసి, మోపులు కట్టి, పెద్ద ఇనపడ్రమ్ములో కుక్కి, కింద మంట పెట్టి ఆవిరి పడతారు. ఆవిరి గొట్టంలోంచి చల్లారి నీళ్లతోపాటు దిగుతుంది, నీళ్లమీద తేలిన పచ్చటి నూనె తీసి డబ్బాల్లో పోస్తారు. పెద్దబ్బాయి ఆ డబ్బాలు కొని చిన్న చిన్న సీసాల్లో నింపి అమ్ముతాడు. దోమలకి మంచిది, గచ్చు తుడిచే నీళ్లలో నాలుగు చుక్కలు వేస్తే మంచిది, కొబ్బరినూనెలో కలిపి మోకాళ్లకి రాస్తే ఏదో హాయి. డొరగుడ ఫ్యాక్టరీ క్వార్టర్లనుంచి కూడా స్కూటర్ల మీద వచ్చి పట్టుకెళ్లేవారు. అంతవరకూ నూనె తన పని తను చూసుకుంటూ బుద్ధిగానే ఉంది.

మూడేళ్ల కిందట మహతి అనే అమ్మాయి వచ్చింది. జయపురం దివాణంలో ఉద్యోగాలు చేసిన పాత తెలుగు కుటుంబం పిల్ల, యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది, మొక్కల నూనెల మీద పరిశోధన చేస్తుంది. పెద్దబ్బాయి దగ్గర నాలుగు సీసాలు కొని, ఏ ఊరి గడ్డి, ఏ నెలలో కోశారు, ఎన్ని గంటలు ఆవిరి పట్టారు అని గంటన్నర అడిగింది. కందిపప్పు గురించి కూడా ఎవరూ తనని అంతసేపు అడగలేదని పెద్దబ్బాయి పొంగిపోయాడు.

రెండేళ్లకి ఆ పరిశోధన అచ్చయింది. పుండ్లలో చీముకి కారణమయ్యే సూక్ష్మక్రిములు కొన్ని ఆ నూనెకి చచ్చాయి. ప్రయోగశాలలో గాజుగిన్నెల్లో పెంచే రొమ్ము క్యాన్సర్ కణాలు కూడా చచ్చాయి. వ్యాసం చిట్టచివర, చీమతలకాయంత అక్షరాల్లో, సాయం చేసినవారికి కృతజ్ఞతలు అంటూ పెద్దబ్బాయి పేరు వేసింది, అదీ ఇంగ్లీషులో. ఆ ముక్క తప్ప మిగతా పదకొండు పేజీలూ ఆయనకి అర్థం కాలేదు, కావలసిన అవసరమూ కనబడలేదు.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం విలేకరులు మనకి తక్కువా? వారం తిరక్కుండా ఒక పత్రిక జిల్లా పేజీలో వేసేసింది: 'కొండగడ్డి దెబ్బకు క్యాన్సర్ హతం!' మనుషుల్లో పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు, చాలా పరిశోధన జరగాలి అని మహతి రాసిన వాక్యాలు మాత్రం చోటు చాలక పోయాయి. కింద బంగారం కొట్టువాడి ప్రకటన పెద్దది పడింది మరి. పెద్దబ్బాయి ఆ కాగితం కత్తిరించి, లామినేషన్ చేయించి, ఫ్రేము కట్టించి, గల్లాపెట్టె పైన అమ్మవారి పటం పక్కనే తగిలించాడు. కొడుకు సాయిగణేష్ రాయగడ వెళ్లి కొత్త లేబుళ్లు అచ్చు వేయించుకొచ్చాడు. పచ్చటి ఆకు, ఆకు మీద సూక్ష్మదర్శిని, కింద 'సైన్సు మెచ్చిన నూనె.' సైన్సు ఏ ముక్క చూసి మెచ్చిందో లేబులు మీద రాయలేదు.

ఇంక చూడండి సందడి. మోకాళ్లవాళ్లు తగ్గారు, గడ్డలవాళ్లు మొదలయ్యారు. ఒకరు మెడలో గడ్డ, ఒకరు గొంతులో పుండు. రిటైరైన స్కూలు మాస్టారు త్రినాథరావుగారైతే ఏ జబ్బూ లేకుండానే ముందు జాగ్రత్తకి నెలకో సీసా.

"పెద్దబ్బాయీ, ఇది నిజంగా గడ్డ కరిగిస్తుందంటావా?"

"పేపర్లో ఏసేరు కదండి మాస్టారూ. సూద్దాం, వాడి సూడండి."

రోజుకి పదిమందికి ఇదే జవాబు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారుగాని, ఇక్కడ చెప్పేవాడు ఏమీ చెప్పటం లేదు, వినేవాళ్లే తమకి కావలసింది వినేసుకుని సీసా పట్టుకుపోతున్నారు. ఎడమపక్క ముక్కాలిపీట మీద పొట్లాలు కడుతూ బుల్లి కూడా వింటోంది.

కిందటి దసరా వెళ్లాక మహతి ఇంకోసారి నూనె కోసం వచ్చి, గోడమీద ఫ్రేము చూసి నెత్తి కొట్టుకుంది.

"పెద్దబ్బాయిగారూ, ఇదేమిటండీ! అవి గిన్నెలో కణాలు. గిన్నెలో ఫినాయిల్ పోసినా చస్తాయి, మరిగే నీళ్లు పోసినా చస్తాయి. మందంటే జబ్బు కణాన్ని చంపి మంచి కణాన్ని వదలాలి, ఒంట్లో సరైన చోటికి చేరాలి, మనుషుల మీద ఏళ్లతరబడి పరీక్షలు నెగ్గాలి. మేము ఇంకా గుమ్మం కూడా దాటలేదు. ముందు అది తీసెయ్యండి."

"అలాగేనమ్మా. రేపు తీసెస్తాను."

ఆ కొట్లో రేపంటే ఏమిటో పాపం ఆవిడకి తెలియదు. నమ్మి వెళ్లిపోయింది. ఆ రోజు బుల్లి కొట్లో లేదు, సత్యనారాయణ వ్రతానికి పక్కింటికి వెళ్లింది. ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు!

సంగతి బయటపెట్టింది పెద్దబ్బాయి భార్య లక్ష్మీదుర్గ. ఆడపడుచు ఒంటిమీద నిమ్మగడ్డి వాసన ఎప్పుడూ ఉండేదే, కొట్లో మనిషి కదా అని పట్టించుకోలేదు. ఒకనాడు బుల్లి స్నానం చేసి వస్తూంటే పైట పక్కన చర్మం ఎర్రగా కమిలి, పొక్కులు లేచి కనబడింది. నీళ్లయినా కొబ్బరినూనైనా కలపని పచ్చి నూనె, రోజుకి మూడుపూటలా. కాలక ఏం చేస్తుంది?

"ఏటమ్మి, ఏటా కాలడం?"

"ఏటీ లేదొదినా. లోపల సిన్న కాయ ఉంది. కరుగుతాదని రాస్తన్నాను."

లక్ష్మీదుర్గ చెయ్యి పెట్టి చూసింది. చిన్న కాయ కాదు, ఉసిరికాయంత ఉంది, గట్టిగా, కదలకుండా. నాలుగు నెలలైందట.

"ఓలమ్మో! నాలుగు నెల్లనించి మాతో సెప్పకుండా ఏటే ఈ పని? ఎవరు సెప్పేరు నీకిది?"

"అన్నియ్యే."

"మీ అన్నియ్య నీకెప్పుడు సెప్పేడు?"

"నాకు సెప్పడమేటి, అందరికీ సెప్తన్నాడు కదా" అంది బుల్లి, ఆశ్చర్యంగా.

లక్ష్మీదుర్గ తిన్నగా కొట్లోకి వచ్చి భర్తని ఇంట్లోకి పిలిచి ఆ నాలుగు ముక్కలూ చెప్పింది. పెద్దబ్బాయికి ముందు సిగ్గేసింది, ఆ వెనక భయం వేసింది. వెంటనే చెల్లెలి దగ్గరికి వెళ్లాడు. చిన్నప్పుడు సంతలో తప్పిపోతానని తన చొక్కా చివర పట్టుకుని నడిచిన చెల్లెలు. తన కొట్లోంచి, తన సీసా తీసుకుని, తన మాట నమ్మి నాలుగు నెలలు ఒళ్లు కాల్చుకుంది.

"అమ్మీ, ఆ నూనె పనికిరాదు. రేపే విశాఖపట్నం ఎల్దాం" అన్నాడు.

"కోత పెడతారు అన్నియ్యా. జుట్టు ఊడిపోయే మందులిస్తారు. నాకొద్దు. కొంచెం తగ్గినట్టే ఉంది కూడానూ."

"తగ్గడమేటే, పిచ్చి మొహమా! పనికిరాదంటే ఇనవేటి?"

"నువ్వు బెంగకొద్దీ అంటన్నావు. మొన్న మాస్టారికి ఏటి సెప్పేవు? వాడి సూడమన్లేదా?"

"అది వేపారమే."

"అయితే గల్లాపెట్టె ముందు అబద్ధం సెప్పేవా?" బుల్లి మొహం పాలిపోయింది. "నాన్న పెట్టె ముందు? అలాగని సెప్పు, ఇప్పుడే వస్తాను."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అవునంటే తండ్రి పెట్టె అపవిత్రమవుతుంది, ముప్పయ్యేళ్ల పరువు పోతుంది. కాదంటే చెల్లెలు పోతుంది. మరొకరైతే ఈ రెంటిలో ఏది బరువో క్షణంలో తూచేవారు. పుట్టినప్పటినుంచి తక్కెడ పట్టుకున్న మనిషికి మాత్రం మూడు రోజులు పట్టింది.

ఆ మూడు రోజులూ ఏం చేశాడయ్యా అంటే, మొదటి రోజు ఫ్రేము దించాడు. దించి, గోడకి వెనక్కి తిప్పి, బస్తాల వెనకాల పెట్టాడు. రెండో రోజు చెల్లెలి చేతికి సీసా అందకుండా పై అరలోకి ఎక్కించాడు. బుల్లి పీట వేసుకుని అందుకుంది. మూడో రోజు మహతికి ఫోను చేసి చెల్లెలి సంగతి చెప్పాడు. ఆవిడ మొదట మండిపడింది. "తీసేస్తానన్నారు కదండీ!" అని రెండుసార్లు అంది. తరవాత గొంతు తగ్గించింది.

"ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకండి. ఆవిడ ఎవరి మాట వింటారో వాళ్లచేత చెప్పించండి."

"నా మాటే ఇంటాదమ్మా."

"మరి చెప్పండి."

"ఇంట్లో సెప్తే ఇనదమ్మా."

"ఎక్కడ చెబితే వింటారో అక్కడే చెప్పండి" అని ఆవిడ ఫోను పెట్టేసింది. యూనివర్సిటీలో చదువుకున్నవాళ్లకి అంత సులువుగా తోచింది.

మర్నాడు సంత. కొండలమీంచి అల్లం, పసుపు, చీపుర్లు దిగుతున్నాయి. తెల్లవారకముందే కొట్టు తెరిచి, నీళ్లు చల్లి, గల్లాపెట్టెకి దండం పెట్టి కూర్చున్నాడు పెద్దబ్బాయి. బుల్లి తన పీట మీద కూర్చుని అడ్డాకుల కట్టలకి నార చుడుతోంది. సాయిగణేష్ లోపల బస్తాలు విప్పుతున్నాడు. మొదటి బేరం త్రినాథరావు మాస్టారు. వెనకాల మరో నలుగురు.

"పెద్దబ్బాయీ, ఈసారి నాలుగు సీసాలు కావాలోయ్. రాయగడలో మా వియ్యంకుడికి కడుపులో గడ్డట. ఆపరేషనంటే జడుసుకుంటున్నాడు. నీ నూనె ఉండగా ఆస్పత్రి ఎందుకని నేనే చెప్పాను. కరుగుతుందిగా?"

నాలుగు సీసాల బోణీ. పెద్దబ్బాయి నోరు దానంతటదే 'సూ' దాకా వెళ్లింది. ఎడమపక్క నార చుట్టే చప్పుడు ఆగింది. బుల్లి తలెత్తలేదు, చేతులు మాత్రం ఆగిపోయాయి. ఆవిడ జవాబు కోసం చూస్తోంది. మాస్టారికన్నా ఎక్కువగా చూస్తోంది.

పెద్దబ్బాయి రెండు చేతులూ గల్లాపెట్టె మీద పెట్టాడు.

"లేదు" అన్నాడు.

లోపల బస్తా కింద పడిన చప్పుడు. "నాన్నా!" అంటూ సాయిగణేష్ బయటికొచ్చాడు. "బోణీ ఏళ ఆ మాటేటి?"

మాస్టారు పై అర వంక చూసి, "అదేమిటోయ్, సీసాలు అన్నేసి కనబడుతూంటేనూ!" అన్నాడు.

"సీసాలున్నాయి మాస్టారూ. గడ్డని కరిగించే గుణం లేదు. లేదు. ఇదివరకు లేదు, ఇప్పుడూ లేదు. గాజుగిన్నెలో ఏదో అయిందట, మనిషికి అవుతాదని ఆ పరిశోధన సేసినావిడే అనలేదు. మీరందరూ అడిగినప్పుడు నాను సెప్పలేదు. దోమలకి వాడుకోండి, గచ్చు తుడుసుకోండి. మీ వియ్యంకుడ్ని ఇయ్యాలే ఆస్పత్రికి అంపించండి, మీకు దండం పెడతాను."

అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ తన సంచిలోంచి సగం వాడిన సీసా తీసి గల్లాపెట్టె పక్కన పెట్టింది. మాస్టారు బోణీ చెయ్యకుండానే మెట్లు దిగిపోయాడు. ఆ పూట లక్ష్మి ఆ కొట్లోంచి లేచి వెళ్లిపోయిందో, లేక చాలా ఏళ్లకి మొదటిసారి వచ్చి కూర్చుందో, అది చూసే కళ్లు మనకి లేవు.

బుల్లి చేతిలో కట్టకి నార పూర్తిగా చుట్టి, ముడి వేసి, మిగతావాటి పక్కన సర్ది లేచింది.

"ఒదినా, నా నల్ల సంచీ ఏదీ? రెండు సీరలు పెట్టు" అంటూ లోపలికి వెళ్లింది. అన్న వైపు చూడలేదు.

ఆ మధ్యాహ్నమే బండెక్కారు. పార్వతీపురం దగ్గర ఆవిడ పులిహోర పొట్లం విప్పి సగం ఆయనకి పెట్టింది. ఆయన తినలేక, తినకపోతే ఆవిడ బాధపడుతుందని తిన్నాడు.

విశాఖపట్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ కాయని చూసింది, కమిలిన చర్మాన్ని అంతకంటే ఎక్కువసేపు చూసింది. సూదితో ముక్క తీయించింది, ఫోటోలు తీయించింది. నాలుగో రోజున ఇద్దరినీ కూర్చోబెట్టి, క్యాన్సరేనని చెప్పింది.

"చంకలో కూడా గడ్డ తగులుతోంది. నాలుగు నెలల కిందట తెలిసింది కదమ్మా, అప్పుడే వచ్చి ఉంటే వైద్యం చాలా తేలికయ్యేది. ఎందుకు రాలేదు?"

పెద్దబ్బాయి తల దించుకున్నాడు. ఈసారి తనే చెప్పాలని నోరు తెరిచాడు. ఈలోగా బుల్లి అంది:

"కొట్లో సింతపండు రోజులండి. తీరిక సిక్కలేదు."

అన్న మీదకి మాట రానివ్వలేదు. గల్లాపెట్టె అక్కడ లేదు కాబట్టి అబద్ధమైనా తప్పులేదనుకుంది కాబోలు. ఆ మాటకి పెద్దబ్బాయికి ఏడుపొచ్చింది, డాక్టరమ్మ ముందే తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆపరేషనూ, మందులూ, కరెంటు వైద్యమూ వరసగా ఎలా చేస్తారో ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అంతా విన్నాక ఆయన చేతులు జోడించాడు.

"నా సెల్లికి తగ్గుతాదాండి?"

జన్మలో ఒక్కసారి తప్ప ఎవరికీ తిన్నగా జవాబివ్వని మనిషి, ఒక్క తిన్నటి జవాబు కోసం ఆవిడ పెదాల వంకే చూస్తున్నాడు. ఉందనైనా సరే, లేదనైనా సరే.

డాక్టరమ్మ కాగితాలు సర్దుతూ, ఎంతో దయగానే అంది.

"చూద్దామండీ."